రాబోవు విండోసు – మన కర్తవ్యము

ఏలూరు పవరుపేటలోని డి.టి.పి. దుకాణములందును, తాడేపల్లిగూడెము ఉల్లి మార్కెట్టు కొట్ల లెక్కల గదులందును, కైకలూరు, ఆకివీడు ప్రాంతముల చేపల వ్యాపారుల ఆఫీసులందును ఈ కాలమున ఒక ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది: విండోసు 12 ఎప్పుడు వచ్చును? వచ్చినచో ఇప్పుడున్న యంత్రములు దానికి పనికివచ్చునా, లేక వీనిని పాతసామానులవానికి తూచి వేయవలసినదేనా? ఈ ప్రశ్నలో రెండు భాగములున్నవి. మొదటి భాగమునకు సమాధానములు ఊహించువారికి లోకమున కొఱతలేదు. రెండవ భాగమును గుఱించి గట్టిగా ఆలోచించువారు మాత్రము మిక్కిలి అరుదు. మొదటిది కంపెనీవారి చేతిలోని పని. రెండవది మన పని. మన పనిని విడిచి పరుల పనిపై పందెములు వేయుట వివేకము కాదని మా యభిప్రాయము.

కంప్యూటరు వాడుక లేని పాఠకుల కొఱకు ఒక మాట. యంత్రమనగా ఇనుము, గాజు, ఇసుకనుండి తీసిన చిన్న పలకలు మాత్రమే. దానిని మేల్కొలిపి, మీట నొక్కగానే అక్షరము తెరపై నిలుచునట్లు చేసి, ముద్రణయంత్రముతోను, వ్రేలిముద్రలు తీయు పరికరముతోను, బ్యాంకితోను దానిచేత మాటలాడించు కార్యక్రమమునకు ఆపరేటింగు సిస్టమని పేరు. మైక్రోసాఫ్టు అను అమెరికా కంపెనీ చేయు విండోసు అట్టిది. పొలమునకును కాలువ లాకునకును గల సంబంధమును డెల్టా రైతునకు ఎవరును చెప్పనక్కఱలేదు. పట్టా మన పేరనే యుండవచ్చును. గట్టు మనమే వేసికొని యుండవచ్చును. కాని లాకు తలుపు తాళము మఱియొకనియొద్ద నున్నచో నాట్లు ఎప్పుడు వేయవలయునో నిర్ణయించువారము మనము కాము. కంప్యూటరు మన సొమ్ముతో కొన్నదే. లాకు తాళము మాత్రము అమెరికాలోని రెడ్మండు పట్టణమున నున్నది.

రాబోవు విండోసును గుఱించిన జోస్యములు ఎంతవఱకు ఫలించునో వెనుకటి చరిత్రయే చెప్పగలదు. 2001 లో ఎక్స్‌పీ వెలువడిన పిమ్మట తరువాతిది రెండు మూడేండ్లలో వచ్చునని యనుకొన్నారు. విస్టా అను పేరుతో అది ప్రజలకు చేరుటకు 2007 జనవరి వచ్చినది. 8 తరువాత 9 వచ్చునని లోకమంతయు లెక్కించుకొనియుండగా, 2014 సెప్టెంబరులో కంపెనీవారు 9 ని దాటి 10 ని ప్రకటించిరి. 2015 లో ఆ కంపెనీ ఉద్యోగి యొకడు సభలో మాటలాడుచు విండోసులలో 10 యే కడపటిదని చెప్పెను, లోకము నమ్మెను. సుమారు ఆఱేండ్లకే, 2021 జూన్ 24 న, 11 ప్రకటింపబడి ఆ యేటి అక్టోబరు 5 న వెలువడినది. 2024 లో 12 తప్పక వచ్చునని పలువురు వ్రాసిరి. వచ్చినది 11 కే మఱియొక సవరణ. 2025 లోను అట్లే జరిగినది. ఇట్టి జోస్యములను నమ్మి కొనుగోళ్లు వాయిదావేయుటయు తగదు, తొందరపడి కొనుటయు తగదు.

అంకె ఏదైనను, గాలి యే దిక్కునకు వీచుచున్నదో కంపెనీవారి చేష్టలే చెప్పుచున్నవి. 2024 మే నెలలో వారు కోపైలట్ ప్లస్ అను పేరుతో ఒక క్రొత్తరకపు కంప్యూటర్లను ప్రవేశపెట్టిరి. కృత్రిమ మేధకు సంబంధించిన గణనములు చేయుటకు వానిలో ప్రత్యేకముగా ఒక భాగముండవలయును. అది సెకనునకు 40 లక్షల కోట్ల గణనములు చేయగలిగి యుండవలయును. మెమరీ 16 జీబీకి తక్కువ కారాదు. వానితోపాటు రీకాల్ అను సదుపాయమును గూడ ప్రకటించిరి. మనము తెరపై చేయు పనికి కొన్ని సెకనుల కొకసారి చిత్రము తీసి దాచిపెట్టుట దాని లక్షణము. ఇంటి గుట్టు బయటపడునని నిపుణులు గగ్గోలు పెట్టగా దానిని అప్పటికి ఆపి, వాడువారు సమ్మతించిననే పనిచేయునట్లు సవరించి, 2025 లో విడుదల చేసిరి. ఈ లక్షణములే రేపటి విండోసునకు నియమములగునా, కావా యని నేడు ఎవరును నిశ్చయముగా చెప్పలేరు. కాని నేడు వేడుకగా నున్నది రేపు నిబంధనయగుట ఈ వ్యాపారమున క్రొత్త కాదు.

విండోసు 11 విషయమున జరిగినదే తార్కాణము. టి.పి.ఎం. 2.0 అను రక్షణ చిప్పు లేని యంత్రములను, ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకు ముందటివానిని, స్వల్పమైన మినహాయింపులతో, అర్హములు కావని అది త్రోసివేసినది. 2017 లో డబ్బు కూడబెట్టి క్రొత్త కంప్యూటరు కొన్నవాని యంత్రము పెక్కు సందర్భములలో నాలుగేండ్లకే అనర్హమయ్యెను. ఆ యంత్రము చెడలేదు, మీటలు అరుగలేదు, వేగము తగ్గలేదు. క్రొత్త ప్రతికి అనుమతి మాత్రము లేకపోయెను. పిమ్మట 2025 అక్టోబరు 14 న విండోసు 10 నకు ఉచితముగా వచ్చుచున్న రక్షణ సవరణలు నిలిచిపోయినవి. ఈ నియమముల మూలమున లోకమున 24 కోట్ల యంత్రములు మూలబడవచ్చునని కెనాలిస్ అను సంస్థ 2023 లోనే అంచనా వేసినది.

కంపెనీవారి వాదమును గూడ న్యాయముగా వినవలయును. దొంగలు తెలివిమీఱుచున్నారు, రహస్యమైన తాళపుచెవులు దాచుటకు యంత్రములోనే యొక భద్రమైన అర యుండుట మేలు. పదేండ్లు మరమ్మతు చేసిన పాత ప్రతిని ఇంకను ఉచితముగా మరమ్మతు చేయుచుండుమనుట ఏ వ్యాపారికిని రుచింపదు. ఇందు అబద్ధము లేదు. క్రొత్త ప్రతులవలన మనకును మేలు కలిగియున్నది. విండోసు 98 లో తెలుగునకు చోటు లేకుండెను. ఎక్స్‌పీతో గౌతమి యను తెలుగు ఫాంటు వచ్చి, వేఱు సామగ్రి కొనకయే తెలుగు తెరపై కనబడసాగినది. కావున క్రొత్తది వలదని మేము వాదించుటలేదు. పాతది ఏనాటితో చెల్లదో నిర్ణయించు గీతను ఎవరు గీయుచున్నారు, ఆ గీతను గుఱించి మనము ఎవరితో మొరపెట్టుకొనవలయును అనునదే మా ప్రశ్న.

గీత యెంత బలమైనదో కొల్లేటివారికి వేఱుగ చెప్పవలసిన పనిలేదు. 1999 లో ప్రభుత్వము కొల్లేటి సరస్సులో సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తువఱకు గల భాగమును వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించినది. ఆ గీతకు లోపల చేపల చెఱువు గలవాని పని అంతటితో చట్టవిరుద్ధమయ్యెను; 2006 లో చెఱువుల గట్లు తెగగొట్టబడినవి. ఆ గీత సరస్సును కాపాడినదని కొందఱు, బ్రదుకుతెరువు తీసినదని కొందఱు నేటికిని వాదించుచున్నారు. ఆ తగవును ఇచ్చట తీర్చుట మా యుద్దేశము కాదు. కాని ఒక్క విషయము గమనింపవలయును. ఆ గీతను గీసినది మన ప్రభుత్వము. దానిపై అర్జీలు పెట్టుకొనుటకు దారి యుండెను. న్యాయస్థానములకు పోవుటకు దారి యుండెను. గీతను 3 అడుగులకు తగ్గింపవలయునని 2008 లో రాష్ట్ర శాసనసభయే తీర్మానించినది. కోరిక నెఱవేఱుట, నెఱవేఱకపోవుట వేఱు మాట. అడుగుటకు ఒక గడప యుండెను. రెడ్మండువారు గీసిన గీతకు అర్జీని ఏ తాసిల్దారు పుచ్చుకొనును? ఏ శాసనసభ తీర్మానించును?

అడుగువారుండినచో ఆ గీత గూడ కదలునని యూరపు ఖండమువారు నిరూపించిరి. విండోసు 10 నకు మఱియొక యేడు, అనగా 2026 అక్టోబరు 13 వఱకు, రక్షణ సవరణలు కోరు గృహస్థులు 30 డాలర్లు చెల్లింపవలయునని, అట్లు కానిచో తమ యంత్రపు అమరికలను కంపెనీ ఖాతాలో నిలువచేయుటకు సమ్మతించుట వంటి షరతులకు లోబడవలయునని కంపెనీవారు చెప్పిరి. యూరపులోని వినియోగదారుల సంఘము అభ్యంతరము చెప్పగా, ఆ ఖండపు ఆర్థికమండలిలోని ప్రజలకు మాత్రము షరతులు సడలించి ఉచితముగా నిచ్చుటకు 2025 సెప్టెంబరులో అంగీకరించిరి. ప్రతి యొక్కటే, సవరణలు అవే. అడిగినవారికి ఒక ధర, అడుగనివారికి ఒక ధర. మన దేశమునకు అట్టి చట్టబలము లేకపోలేదు. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ విషయమున గూగుల్ కంపెనీకి 1,337 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించెను. ఆ యాజ్ఞ ఫలితముగా 2023 జనవరిలో ఆ కంపెనీ తన నియమములను కొన్నిటిని మార్చుకొనవలసివచ్చెను. బలము గలదు. విండోసు గడువుల విషయమున దానిని వాడుమని అడుగు గొంతులే చాలినన్ని లేవు.

గడువు తీఱినను యంత్రము నడచుచునే యున్నది గదా, భయమేల అని కొందఱందురు. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట కార్యక్రమము పెక్కు దేశములలో కంప్యూటర్లను బిగించి, లోపలి దస్త్రములను విడుచుటకు కప్పమడిగినది. ఆంధ్రప్రదేశమున పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత బడినవి. ఆ దొంగ దూఱిన కన్నమును పూడ్చు సవరణను కంపెనీవారు ఆ యేడు మార్చిలోనే యిచ్చియుండిరి. దానిని వేసికొనని యంత్రములు చిక్కుకొన్నవి. 2014 లోనే గడువు తీఱిన ఎక్స్‌పీకి గూడ ఉపద్రవము వచ్చిన పిదప ప్రత్యేకముగా సవరణ నీయవలసివచ్చెను. కావున సవరణలు లేని యంత్రముపై రైతు భూమి కాగితములును, విద్యార్థి మార్కులును, చేపల బేరపు బ్యాంకి లావాదేవీలును నడుపుట, గండి పడనున్న గట్టును నమ్మి వఱదకాలమున నిద్రించుట వంటిది. బుడమేరు, తమ్మిలేరుల పొంగు చూచినవారికి ఈ మాట యర్థమగును.

ఈ భారము ఎవరిపై పడునో చూడవలయును. పెద్ద సంస్థలు క్రొత్త యంత్రములు కొనగలవు. లేదా విండోసు 10 సవరణలకు తొలియేట యంత్రమునకు 61 డాలర్లు, ఆపై మూడవ యేటి వఱకు ఏటికేడు రెట్టింపు చెల్లింపగలవు. కొల్లేటి లంకగ్రామమున దరఖాస్తులు నింపి, జెరాక్సులు తీసి, ఫోటోలు అచ్చువేసి బ్రదుకు చిన్న దుకాణదారు ఏమి చేయగలడు? ఈ ప్రాంతమునకు కంప్యూటరు క్రొత్త కాదు. ఈ శతాబ్దారంభముననే, ఏలూరు ముఖ్యపట్టణముగా నుండిన నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రములు వెలసినవి. పొదుపు సంఘముల స్త్రీలు పలుచోట్ల వానిని నడిపిరి. 2011 లో మీసేవ వచ్చినది. 2019 అక్టోబరు 2 న గ్రామ, వార్డు సచివాలయములు ప్రారంభమైనవి. కులధ్రువపత్రము మొదలు అడంగలు వఱకు ప్రజల పని నేడు కంప్యూటరు ద్వారముననే జరుగుచున్నది. ఆ ద్వారమును మూయుటకును తెఱచుటకును అధికారము విదేశపు కంపెనీకుండుట యంత్రవిషయము మాత్రమే కాదు. అది ప్రజల అధికారమునకు సంబంధించిన విషయము.

తెలుగువారికి ఇందు మఱియొక చిక్కు గలదు. మన పట్టణములలోని అచ్చుపనివారు పలువురు నేటికిని పేజ్‌మేకరుపై, 'అను' ఫాంట్లతో పని చేయుచున్నారు. పేజ్‌మేకరు ఏడవ ప్రతి 2001 లో వెలువడినది, అదియే కడపటిది. దానిని చేసిన అడోబీ కంపెనీ ఎన్నడో దాని పోషణ మానినది. 'అను' వంటి ఫాంట్లు యూనికోడు నియమమునకు లోబడని పాత పద్ధతివి. వానిలో యంత్రము దాచుకొనునది తెలుగు అక్షరము కాదు. ఇంగ్లీషు అక్షరముల స్థానములందు తెలుగు అక్షరముల బొమ్మలు నిలుపబడియుండును. ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో పుస్తకమంతయు అర్థములేని ఇంగ్లీషు అక్షరముల కుప్పగా కనబడును. పెండ్లి శుభలేఖ పోయిన పోవచ్చును. కాని పాతిక ముప్పదియేండ్లుగా మన యూళ్లలో అచ్చయిన కావ్యములు, స్థలచరిత్రలు, సంఘముల నివేదికలు, చిన్న పత్రికల సంచికలు ఇట్టి దస్త్రములలో చిక్కియున్నవి. వానిని చదువుటకు పాత ఫాంటు కావలయును, దానికి పాత కార్యక్రమము కావలయును, అది నడచుటకు విండోసు సమ్మతింపవలయును. రాబోవు విండోసు సమ్మతించునని ఎవరును హామీ యీయలేదు. తాటాకు పుస్తకము తరతరములు నిలిచినది. మన నాటి పుస్తకము ఒక్క కంప్యూటరు మార్పుతో మూగపోవచ్చును. యూనికోడులో తెలుగునకు 1991 నుండి స్థానము గలదు. పోతన, వేమన పేర్లతో భాషాభిమానులు ఉచితముగా ఫాంట్లు చేసి యిచ్చియున్నారు. దారి యున్నది, నడచుటయే తడవు.

మఱియొక ముడి కంపెనీ ఖాతా. ఇండ్లలో వాడు విండోసు 11 ను ఖాతా లేకుండ మొదలుపెట్టుటయే దుర్ఘటమగునట్లు కంపెనీవారు ఏర్పాటు చేసియున్నారు. రాబోవునది ఈ ముడిని ఇంకను బిగించునని ఊహించుట తప్పు కాదు. అట్టి ముడివలన కలుగగల అపాయమును 2025 జూలైలో గుజరాతునందలి నయారా ఎనర్జీ అను చమురుశుద్ధి సంస్థ చవిచూచినది. ఆ సంస్థలో రష్యా కంపెనీకి వాటా గలదని యూరపు సమాఖ్య ఆంక్షలు విధింపగా, మైక్రోసాఫ్టువారు ఆ సంస్థకిచ్చు సేవలను ఆపివేసిరి. సొమ్ము చెల్లించి తీసికొన్న సేవలను, తన సమాచారమును తనకే అందకుండ చేసిరని ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించినది. కొలది దినములకు సేవలు తిరిగి వచ్చినవి. అది పెద్ద సంస్థ గనుక న్యాయవాదులను పెట్టుకొనగలిగినది. మండవల్లి మండలములోని పాఠశాలకు అట్టి శక్తి యెక్కడిది?

ఆ కంపెనీకి 2014 లో అధిపతియైన సత్య నాదెళ్ళ హైదరాబాదున జన్మించిన తెలుగువాడు. 1998 లోనే ఆ కంపెనీ హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పినది. మన యువకులు పెక్కురు అందు పనిచేసి పేరు గడించిరి. ఇది గర్వింపదగిన సంగతియే. కాని గర్వము వేఱు, అధికారము వేఱు. తెల్లదొరతనపు కచేరీలలో గుమాస్తాలు మనవారే. అంతమాత్రమున శిస్తు నిర్ణయించువారము మనము కాకపోతిమి. అట్లే, కంపెనీ మన దేశముది యైనంత మాత్రమునను చిక్కు తీఱదు. 2025 లో కేంద్ర ప్రభుత్వ శాఖలు జోహో అను దేశీయ కంపెనీ సామగ్రికి మాఱుట సంతోషకరమే. ఐనను మూలలిపి మూసియున్నంతకాలము, గీత గీయు చేయి మాఱునుగాని, గీత మన చేతికి రాదు. తాళము ఎవరియొద్ద నున్నదని మాత్రమే గాక, మాఱుతాళము మనకు గలదా యని అడుగవలయును.

మాఱుతాళము గలదు. 1991 లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సును నేడు ప్రపంచపు పనివారు కలిసి పెంచుచున్నారు. దాని మూలలిపిని ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పొరుగువానికి పంచవచ్చును. దానిని ఆధారముగా గొని మన సీ-డాక్ సంస్థ 2007 లో బాస్ అను పేరుతో భారతీయ భాషలు గల ఆపరేటింగు సిస్టమును వెలువరించినది. హైదరాబాదున స్వేచ్ఛ అను సంఘము తెలుగులో మెనూలు గల సిస్టమును తయారుచేసినది. ప్రభుత్వ కార్యాలయములలో మూలలిపి తెఱచియున్న సామగ్రికి ప్రాధాన్యమీయవలయునని కేంద్ర ప్రభుత్వము 2015 లో విధానము ప్రకటించినది. కేరళమువారు మాటలతో ఆగక, తమ ప్రభుత్వ పాఠశాలలలో లినక్సునే పాఠముగా బోధించుచున్నారు. తమ పాఠశాలలకు అనువుగా తామే దానిని కూర్చుకొనుచున్నారు. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రము 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను విండోసునుండి తప్పించుటకు 2024 లో నిర్ణయించినది.

ఒకే కంపెనీ సామగ్రిపై లోకమంతయు ఆధారపడుటవలని నష్టము 2024 జూలై 19 న కనబడినది. విండోసుతో కలిసి పనిచేయు ఒక రక్షణ కార్యక్రమమున పొరపాటు జరుగగా ఆ యొక్కనాడు లోకమున 85 లక్షల యంత్రములు పడకవేసినవి; విమానాశ్రయములలో ప్రయాణికులకు చేతివ్రాత చీటీలిచ్చి పంపవలసివచ్చెను. చేలన్నిటను ఒకే వంగడము వేసిన యూరికి ఒకే తెగులు చాలును.

లినక్సు మార్గము పూలబాట యని మేము చెప్పబోము. మ్యూనిచ్ నగరమువారు ఏండ్ల తరబడి లినక్సునకు మాఱి, 2017 లో మరల విండోసునకు పోవుటకు నిర్ణయించిరి. మన చెంతను చిక్కులు గలవు. దుకాణదారు లెక్కలు వ్రాయు ట్యాలీ విండోసు కొఱకే చేయబడినది. వ్రేలిముద్ర పరికరములు, డిజిటల్ సంతకపు పుల్లలు కొన్ని విండోసుపైననే సులువుగా పనిచేయును. ఆధారము లేక విండోసును విడువుమని దుకాణదారుకు బోధించుట అన్యాయము. కాని ఈ చిక్కులలో పెక్కు ప్రకృతి చేసినవి కావు. మన ప్రభుత్వములు టెండరు పిలుచునపుడు ఒక్క షరతు వ్రాయకపోవుటవలన కలిగినవి. ప్రజల సొమ్ముతో కొను ప్రతి పరికరమును, ప్రతి కార్యక్రమమును లినక్సుపై గూడ నడువవలయునని వ్రాసిననాడు అమ్ముకొనువారే దారి వెదకుకొందురు.

ఈ సంగతి మన రొయ్యల రైతులకు అనుభవములో నున్నదే. 2009 లో వనామి రొయ్య మన దేశమున ప్రవేశించినది. పంట మనది, నీరు మనది, శ్రమ మనది. తల్లిరొయ్య మాత్రము అమెరికా వంటి దేశములనుండి విమానమున రావలయును. తల్లి రొయ్యలను మన దేశముననే పెంచుకొనవలయునని వారు ఎంతకాలముగా కోరుచున్నారో కైకలూరు, భీమవరము ప్రాంతములవారికి తెలియును. వనామిని పెంచవలదని వారనలేదు. తల్లి మన చేతిలో నుండవలయుననిరి. కంప్యూటరు విషయమున మేమనునదియు అదియే.

కావున ఈ ప్రాంతమువారు చేయదగిన పనులు కొన్ని సూచించుచున్నాము. మొదటిది లెక్క. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల పాఠశాలలు, గ్రంథాలయములు, సచివాలయములలో కంప్యూటర్లెన్ని, వానిలో విండోసు 11 త్రోసివేసినవెన్ని, అవి చేయు పనులేవి – ఈ జాబితా జిల్లా యధికారులు తయారుచేసి ప్రకటింపవలయును. రెండవది పునరుద్ధరణ. త్రోసివేయబడిన యంత్రములను పాతసామానులవానికి వేయక, లినక్సు నెక్కించి పఠనమందిరములకును, పాఠశాలలకును ఈయవలయును. తాడేపల్లిగూడెమున 2015 నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యున్నది. ఏలూరున సర్ సి.ఆర్. రెడ్డి విద్యాసంస్థలున్నవి. అచ్చటి విద్యార్థులు వారమునకు ఒక్కపూట వెచ్చించినచో ఒక యేడాదిలో మండలమంతయు మాఱిపోవును. వారికి అంతకంటె మంచి చదువును లేదు.

మూడవది తెలుగు దస్త్రముల విముక్తి. అచ్చుపనివారు, గ్రంథకర్తలు, సాహిత్యసంఘములు తమ 'అను' దస్త్రములను యూనికోడులోనికి మార్చి, రెండు మూడు తావుల దాచవలయును. మార్చు సాధనములు దొరకుచున్నవి. తప్పులు దిద్దుటకు మాత్రము తెలుగు వచ్చిన కన్నులు కావలయును. నాల్గవది ప్రభుత్వపు టెండరు షరతు. దీనిని గుఱించి పైన వ్రాసితిమి. ఐదవది గడువు హక్కు. యూరపువారికి ఉచితముగా నిచ్చినదానిని భారతీయులకును ఈయవలయుననియు, ఏ ఆపరేటింగు సిస్టమైనను కొన్ననాటినుండి ఇన్నేండ్లు రక్షణ సవరణలు తప్పక లభించునని పెట్టె మీదనే ముద్రింపవలయుననియు మన పార్లమెంటు సభ్యులు ఢిల్లీలో అడుగవలయును. ఎన్నికలనాడు చేపల మేత ధరను గుఱించి, కాలువ నీటిని గుఱించి అడుగు మనము దీనిని గూడ అడుగుట నేర్వవలయును.

విండోసు 12 రేపు రావచ్చును, వేఱు పేరుతో రావచ్చును, రాకయు పోవచ్చును. వచ్చినచో దానియందు మేలుండిన కొందము, లేనిచో మానుదము. కొనుటయు మానుటయు మన యిష్టముపై నుండవలయును. అట్లుండవలయునన్న, పరుల గడువు తీఱిననాడు గూడ మన పాఠశాలలో దీపము వెలుగునట్లు, మన సచివాలయమున రైతు పని సాగునట్లు, మన పుస్తకము మనకు కనబడునట్లు ఈనాడే ఏర్పాటు చేసికొనవలయును. వానకు ముందే గట్టు సరిచూచుకొనుట కొల్లేటివాని పాత యలవాటు. ఆ యలవాటును ఈ క్రొత్త విషయమునకు గూడ అన్వయింతురు గాక యని కోరుచున్నాము.